గోడమీద ఎండాకాలం

కాలిఫోర్నియా బీచ్ ఊళ్ళకి వెళ్ళినప్పుడు ఆ పోస్టర్ మీరూ చూసే ఉంటారు. కళ్ళు చెదిరే గులాబీ, నారింజ, పసుపు రంగులు. సర్ఫ్‌బోర్డులతో ముగ్గురి నల్లటి ఆకారాలు. ముందున్నతను బోర్డుని మన ఊళ్ళో గడ్డిమోపు పెట్టుకున్నట్టు నెత్తిన పెట్టుకుని ఉంటాడు.

1960ల నాటి సర్ఫింగ్ సినిమా ‘ది ఎండ్‌లెస్ సమ్మర్’ పోస్టర్ అది. చేసింది జాన్ వాన్ హామర్స్‌వెల్డ్, అప్పటికింకా ఆర్ట్ స్టూడెంట్. బీచ్‌లో తీసిన ఫొటోలోని మనుషుల్ని ఉత్త నీడల్లా మార్చి, మెరిసే రంగులు వేశాడు. ముఖాలు తెలియవు కాబట్టి ఆ ఇసుకలో మనమే ఉన్నామనిపిస్తుంది. ఇప్పుడు టీషర్టులమీద, మగ్గులమీద కనిపించే పాతకాలం బీచ్ బొమ్మలు చాలావరకు ఆ బాటలోవే.

కానీ ఆ పాత బీచ్ అందరిదీ కాదు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న మాన్‌హాటన్ బీచ్‌లో 1912లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి ఆవిడ స్థలం కొంది. వేరే బీచ్‌లకి రానివ్వని తనవాళ్ళ కోసం భర్తతో కలిసి అక్కడ విడిది నడిపింది. 1920లలో పార్కు కడతామని చెప్పి ఊరి పాలకులు ఆ నేల లాక్కున్నారు. వారసులకి తిరిగి దక్కింది 2022లో!

పోస్టర్ మా హాల్లోనూ ఉంది. తీసెయ్యలేదు, రంగులంటే ఇష్టం. పిల్లలు అడిగితే మాత్రం విల్లా కథ కూడా చెప్తున్నా. అటువైపు వెళ్తే బ్రూసెస్ బీచ్ పార్కులో కాసేపు ఆగండి. అక్కణ్ణుంచి సముద్రం బాగా కనిపిస్తుంది.