మరొకరు వేసిన పునాది మీద

మా సంఘంలోని ఒక ఇంజనీరింగ్ విద్యార్థి రాత్రుళ్లు వీడియోగేముల్లో మునిగిపోతున్నాడని, మందలించమని అతని తల్లి నన్ను ఇంటికి పిలిచింది. వెళ్లి పక్కన కూర్చున్నాను. తీరా చూస్తే అతను ఆడటం లేదు, ఎవరో వదిలేసిన పనిని బాగుచేస్తున్నాడు!

మైన్‌క్రాఫ్ట్ అనే ఆట పూర్తిరూపంలో 2011లో విడుదలైంది. రూపకర్త స్వీడన్‌వాడైన మార్కస్ పెర్సన్. రాయి, మట్టి, కలప బ్లాకులతో పిల్లలు అందులో ఇళ్లు, ఊళ్లు కడతారు. అభిమానులు సొంతంగా రాసి ఆ ఆటకు జతచేసే అదనపు భాగాల్ని ‘మాడ్‌’లంటారు. చాలామంది వాటిని పైసా ఆశించకుండా రాస్తారు. అయితే 2018లో వచ్చిన 1.13 వెర్షన్ ఆట లోపలి పద్ధతినే మార్చేసింది. అంతకుముందు ప్రతి బ్లాకునూ ఒక అంకెతో భద్రపరిచేవారు; రాయి అంకె 1. కొత్త వెర్షన్‌లో అంకెలు పోయి పేర్లు వచ్చాయి. పాత పద్ధతిలో రాసిన మాడ్‌లు కొత్త వెర్షన్‌లో పనిచేయలేదు. తిరగరాసే తీరికలేక కొందరు రచయితలు వాటిని అలాగే వదిలేశారు.

‘‘కొత్తది నువ్వే రాసుకోవచ్చు కదా?’’ అన్నాను.

‘‘రాయొచ్చు అయ్యగారూ. కానీ దీనితో కట్టిన పాత ఊళ్లున్నాయి. నా కొత్త మాడ్ ఆ బ్లాకుల్ని గుర్తుపట్టదు. గోడలుండే చోట ఖాళీలే మిగులుతాయి’’ అన్నాడు.

అతను ముందు పాత ప్రతిని భద్రంగా దాచాడు. ఏదీ మార్చకుండా వారంపాటు చదివాడు. తరువాత ఒక్కో తప్పునూ దిద్దుతూ, దిద్దినప్పుడల్లా ఆట నడిపి చూసుకున్నాడు. ఆ రచయిత ఎంఐటీ లైసెన్సు కింద ఇచ్చాడు గనుక ఎవరైనా మార్చి పంచవచ్చు, కానీ ఆయన పేరున్న కాపీరైటు ప్రకటనను తీసేయకూడదు. అలాంటి అనుమతి లేని మాడ్ అయితే రచయితను అడిగి తీరాలి. ‘‘ఆయన పేరు పైన, నా పేరు కింద’’ అన్నాడా కుర్రవాడు.

మందలించడానికి వెళ్లిన నన్నే ఆ మాట మందలించింది! ఈ సంఘానికి వచ్చిన ఏడాదే, నా ముందున్న సేవకుడు ఆరంభించిన శనివారపు గృహకూడికల్ని పాతకాలపు పద్ధతి అంటూ ఆపేసి, నా సొంత కార్యక్రమం ఒకటి మొదలుపెట్టాను. ఆలయానికి నడిచి రాలేని వృద్ధులు ఆ కూడికల వల్లే సంఘంలో నిలిచి ఉన్నారని నేను విచారించనైనా లేదు. ఎంత జ్ఞానినో నేను! క్రమంగా మా గోడలోనూ ఖాళీలు పడ్డాయి.

కొరింథులో పౌలు ఏడాదిన్నర శ్రమించి సంఘాన్ని స్థాపించాడు, అపొల్లో తరువాత వచ్చాడు. విశ్వాసులేమో ఆ పేర్లు పట్టుకుని చీలిపోయారు. అప్పుడు పౌలు నాటింది తానని, నీళ్లు పోసింది అపొల్లో అని, పెంచింది మాత్రం దేవుడేనని రాశాడు. తాను వేసిన పునాది మీద వేరొకరు కడుతున్నారని, ఎలా కడుతున్నాడో ప్రతి ఒక్కరూ జాగ్రత్తపడాలని హెచ్చరించాడు (1 కొరింథీ 3:6–10). అక్కడి గ్రీకు క్రియకు అర్థమే ‘ఉన్నదాని మీద కట్టడం’. ఆ పునాది యేసుక్రీస్తే గనుక దాన్ని మార్చే అధికారం ఎవరికీ లేదు. పైన కట్టినవాటిని కాలానికి తగ్గట్టు బాగుచేయవచ్చు. అయితే ముందువారు ఎందుకలా కట్టారో తెలుసుకోకుండా కూల్చడం సేవ కాదు, అహంకారం!

గత నెల ఆ గృహకూడికల్ని తిరిగి ఆరంభించాం. వృద్ధులకు అనుకూలంగా రాత్రివేళ నుంచి సాయంత్రానికి మార్చాం. తొలి కూడికలో ముందుగా ఆ పాత సేవకుని పేరు చెప్పి దేవునికి స్తోత్రాలు చెల్లించాను. ఆయన్ను తలచుకుని ఒక తల్లి కన్నీళ్లు పెట్టుకుంది.

ప్రియులారా, మీ సంఘంలో, మీ ఇంట్లో ఎవరో ప్రేమతో ఆరంభించి సగంలో ఆగిన పని ఏదైనా ఉందా? కొత్త శిలాఫలకం వేయించుకునే ముందు దాన్ని ఒక్కసారి వెదకండి. బాగుచేయండి. ఆరంభించినవారి పేరు చెరపకండి.

అన్నట్టు, ఆ కుర్రవాణ్ని నేను మందలించలేదు. రాత్రి పదకొండుకల్లా పడుకోమని మాత్రం చెప్పి వచ్చాను.