శిశు వికాస కేంద్రములు: క్షేత్ర పరిశోధకుల ఆవశ్యకత

1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన మన దేశమున 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము ప్రారంభింపబడెను. అదియే నేడు ఇంచుమించు 14 లక్షల అంగనవాడీ కేంద్రములుగ విస్తరిల్లినది. వీనిలో 55 వేలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోను, 35 వేలకు పైగా తెలంగాణములోను గలవు. గర్భిణులకును, బాలెంతలకును, ఆఱేండ్ల లోపు బిడ్డలకును ఆహారము, ఆరోగ్య రక్షణ, ఆటపాటలతో గూడిన విద్య సమకూర్చుట వీని విధి. ఇంత విస్తారమైన శిశుసేవా వ్యవస్థ ప్రపంచమున అరుదు.

అయితే, ఒకే గౌరవ వేతనమును, ఒకే తూకపు బియ్యమును, ఒకే తీరు ఆటవస్తువులను పొందిన రెండు కేంద్రములలో ఒకదానికి పిల్లలు పరుగెత్తుకొని వత్తురు. రెండవదానికి తల్లులు బిడ్డలను పంపక, గ్రుడ్లును పాలును మాత్రము పట్టుకొని పోవుదురు. ఈ భేదమునకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము మన రిజిష్టరులలో దొరకదు.

లెక్కలు లేకపోలేదు. 2021వ సంవత్సరమునుండి పోషణ్ ట్రాకర్ అను సాధనము ద్వారా కార్యకర్తలు సెల్‌ఫోనులోనే బిడ్డల బరువును, ఎత్తును, హాజరును నమోదు చేయుచున్నారు. ఇది మంచిదే. కాని ఏడ్చుచు వచ్చిన మూడేండ్ల బిడ్డను కార్యకర్త యెట్లు ఊరడించెనో, కూలికి పోవు తల్లిని ఏమి చెప్పి యొప్పించెనో, నోరు విప్పని బిడ్డను ఏ యాటతో మాటాడించెనో తెలుపుటకు అందు గడి లేదు. గడి లేని విషయము పైయధికారులకు లేనిదే యగుచున్నది. ఆ కార్యకర్త పదవి విరమించిన నాడు ఆమె నేర్పు కూడ ఆమెతోనే ఇల్లు చేరుచున్నది.

కావున సత్ఫలితముల నిచ్చుచున్న కేంద్రములను వెదకి, అచట నెలల తరబడి కూర్చుండి, చూచినది చూచినట్లు వ్రాయగల క్షేత్ర పరిశోధకులను నియమించుట అత్యవసరమని మేము తలచుచున్నాము.

ఇది క్రొత్త యూహ కాదు. న్యాయవాద వృత్తిని విడిచి వచ్చి 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పిన గిజూభాయి బధేకా, పిల్లలకు నేర్పుటతో తృప్తి నొందక, తన యనుభవములను గుజరాతీ భాషలో గ్రంథస్థము చేసెను. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ పిదప మహారాష్ట్ర ప్రాంతమునందలి బోర్డి, కోసబాడు గ్రామములలో, బడికి రాని ఆదివాసి బిడ్డల ముంగిటికే బడిని కొనిపోయెను. ముంగిలి తోట యను నర్థము గల అంగనవాడీ అను మాట ఆమె ప్రయోగములనుండియే వచ్చినది.

వ్రాసి యుంచుటవలన కలుగు లాభమునకు జమైకా దేశము మంచి నిదర్శనము. కింగ్‌స్టన్ నగరమున 1986, 87 సంవత్సరములలో ఎదుగుదల కుంటువడిన 129 మంది పసిబిడ్డలను పరిశోధనకు తీసికొనిరి. వారిలో కొందఱి యిండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారమునకొక గంట చొప్పున రెండేండ్లు వెళ్ళి, ఇంటింట దొరకు పనికిరాని వస్తువులతో చేసిన బొమ్మలతో, తల్లిచేతనే బిడ్డ నాడింపజేసిరి. ఇరువది యేండ్ల తరువాత విచారింపగా, ఆ బిడ్డల సంపాదన ఆ సేవ నందుకొననివారి సంపాదనకంటె నూటికి 25 వంతులు హెచ్చుగ నుండెనని 2014లో ప్రకటింపబడెను. ఏ వయసున ఏ యాట, తల్లితో ఏ మాట యను క్రమమును వ్రాసి యుంచుటచేతనే ఆ పద్ధతి బంగ్లాదేశ్, కొలంబియాలకును, మన ఒడిశా గ్రామములకును చేరగలిగినది. ఒడిశాలో ఇంటింటికి పోవుటకు మాఱుగ తల్లులను గుంపుగ కూర్చుండబెట్టి నేర్పినను ఇంచుమించు అంతటి ఫలమే కలిగినట్లు 2020లో వెల్లడియైనది.

మన నేలయందును ఇట్టి సాక్ష్యము గలదు. 1987 మొదలు 1990 వఱకు హైదరాబాదు చెంత 29 గ్రామములలో ఒక పరిశోధన జరిగెను. 15 గ్రామములలో గర్భిణులకును పసిబిడ్డలకును ప్రతిదినము అదనపు ఆహారము లభించెను. తక్కిన 14 గ్రామములకు ఆ పథకము అప్పటికింకను చేరలేదు. తరువాత, 2003, 2005 సంవత్సరముల నడుమ, ఆ గ్రామములకే మరల పోయి, యౌవనమున అడుగిడిన ఆ పిల్లలను కొలువగా, ఆహారము పొందిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు, అనగా అర అంగుళమునకు మించి, పొడవు హెచ్చుగ నుండిరి. వారి రక్తనాళముల స్థితియు మెఱుగుగ నుండెను. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన యంగ్ లైవ్స్ పరిశోధన 3,000 మంది పిల్లల ఇండ్లకు ఏండ్ల తరబడి మరల మరల పోవుచు వారి చదువును, ఆరోగ్యమును, జీవనమును నమోదు చేయుచు వచ్చినది. ఇట్టి పనులన్నియు తెలుగు పల్లెలలో తలుపు తట్టి, ఓపికతో అడిగి వ్రాసినవారి మూలముననే సాధ్యమైనవి.

తమిళనాడులో అంగనవాడీలకు అదనముగ ఒక అర్ధదిన కార్యకర్తను నియమించి పరీక్షింపగా, చదువు చెప్పు కాలము రెండింతలయ్యెను. పిల్లల భాషయు లెక్కలును మెఱుగుపడుటయే గాక, తీవ్రమైన పోషణ లోపము సైతము తగ్గెను. ఇది సంఖ్యలు చెప్పిన మాట. ఆ క్రొత్త కార్యకర్తతో పాత కార్యకర్త పనినెట్లు పంచుకొనెను? వంట యెవరిది, పాట యెవరిది, ఇండ్లకు పోవునదెవరు? ఇవి తెలియనిదే ఆ పద్ధతిని మన జిల్లాలలో నాటుట యెట్లు? ఫలించినదని సంఖ్య చెప్పును. ఫలించిన విధమును దగ్గఱనుండి చూచినవాని వ్రాత చెప్పును. రెండును వలయును.

ఇక నియమింపదగినవారెవరు? పట్టణమున పొందిన పట్టమొక్కటే యర్హతగ నెంచరాదు. ఉట్నూరు ప్రాంతమున గోండీ, కోలామీ రానివారును, భద్రాచలము మన్యమున కోయ మాట తెలియనివారును, సీతంపేట కొండలలో సవర భాష యెఱుగనివారును బిడ్డ యేమి చెప్పెనో వ్రాయజాలరు. దుబాసీ చేతిలో పడిన బిడ్డ మాట సగము చచ్చును. బాలెంత యున్న గదిలోనికి పోయి చనువుగ మాటాడుటకు స్త్రీలే తగుదురు గావున, వారే యెక్కువ మంది యుండుట మేలు. చదువు ముగించి ఊరనే యున్న యువతులు, విశ్రాంత ఉపాధ్యాయినులు ఈ పనికి మిగుల నర్హులు.

ఎంపికకు ఒక పద్ధతి సూచించెదము. అభ్యర్థిని రెండు దినములు ఒక కేంద్రమున కూర్చుండబెట్టి చూచినదెల్ల వ్రాయుమనవలయును. “కార్యకర్త ప్రేమతో బోధించుచున్నది” అని వ్రాసినవారి నటుంచి, “తలుపు చెంత నిలిచిపోయిన బాలికకు కార్యకర్త గుప్పెడు చింతగింజ లిచ్చి లెక్కించుమనెను, బాలిక అయిదు వఱకు లెక్కించి లోపలికి వచ్చెను” అని వ్రాసినవారిని తీసికొనవలయును. మొదటిది మెప్పు, రెండవది సాక్ష్యము. ఒకే కేంద్రమును ఇరువురు వేఱువేఱుగ చూచి వ్రాసినదానిని పోల్చినచో ఎవరి చూపు నిశితమో తేలిపోవును.

మూడు నెలల ఒప్పందముతో, దినమునకిన్ని పత్రములు నింపవలయునను షరతుతో పని చేయించినచో, చెట్టు నీడను కూర్చుండి పత్రములు నింపువారే మిగులుదురు. నాట్లు, కోతలు, వానలు, వేసవి అన్నియు చూడనిదే పల్లెలో బిడ్డ జీవితము తెలియదు. కావున ఒక సంవత్సరమునకు తగ్గని నియామకమును, తగిన జీతమును ఈయవలయును. అంగనవాడీ కార్యకర్త క్రొత్తవారిని తనిఖీదారులని భయపడుట సహజము. ఆమె లోపములు ఒక్కసారి పైవారి చెవిని పడినచో, మరల ఏ కేంద్రమును నిజము చెప్పదు. పేరులు గోప్యముగ నుంచి, వ్రాసినది ఆమెకు చదివి వినిపించి, ఆమె చెప్పు సవరణను గూడ చేర్చుట న్యాయము. విఫలమైన ప్రయత్నములను సైతము దాచక వ్రాయవలయును.

పాలకును గ్రుడ్లకును చాలని ధనమును పరిశోధకుల జీతములకు వ్యయించుటయా యని కొందఱడుగవచ్చును. ఈ యాక్షేపణ తేలికగ త్రోసివేయదగినది కాదు. బిడ్డల గిన్నెలోనుండి తీసి పరిశోధకునకు పెట్టుమని మేము చెప్పుట లేదు. కాని ఫలింపని పద్ధతిపై ఏటేట పోవు ధనమును లెక్కింపక, దానిని కనిపెట్టువాని జీతమును మాత్రము లెక్కించుట ధర్మము కాదు. జిల్లాకు ఇద్దఱు ముగ్గురు నమ్మకమైన పరిశోధకులతో పని నారంభింపవచ్చును.

మొక్కై వంగనిది మానై వంగునా యని మనవారు ఎన్నడో చెప్పిరి. మూడేండ్ల బిడ్డకు ఈ సంవత్సరము మరల రాదు. ఒక పల్లెలో కార్యకర్త చింతగింజలతో సాధించినది ప్రక్క పల్లెకు తెలియకుండుటకు పేదఱికము కారణము కాదు. వ్రాయువారు లేకపోవుటయే కారణము. రెండు రాష్ట్రముల స్త్రీ శిశు సంక్షేమ శాఖలును, మన విశ్వవిద్యాలయములును కలిసి ఈ కొఱతను త్వరలో తీర్పగలరని ఆశించుచున్నాము.