ముప్పై ఎనిమిదేళ్ల పరుపు

కోనసీమలోని నగరం గ్రామంలో ఒక ఇంటి ప్రార్థన ముగిసింది. మైసూర్‌పాక్, కారప్పూస, పంచదార దండిగా వేసిన టీ అందరికీ వస్తున్నాయి. అప్పుడు ఆ ఇంటి ఇల్లాలు భర్త మీద నాకు ఫిర్యాదు చేసింది. "రోజూ నడవమని డాక్టరుగారు చెప్పి ఏడాదైందండి అయ్యగారూ. గుమ్మం దిగితే బండే. చర్చి నాలుగు వందల గజాలుండదు, దానికీ బండే" అంది. ఆయనకు అరవైకి రెండేళ్లు తక్కువ. బీపీ ఉంది, షుగరు ఉంది. ఒకప్పుడు కొబ్బరి తోటల్లో ఎండనకా వాననకా తిరిగిన మనిషే. పిల్లలు గల్ఫ్ వెళ్లి నాలుగు డబ్బులు పంపడం మొదలయ్యాక, పదిహేనేళ్లుగా వరండాలో కుర్చీ, చేతిలో ఫోను, అంతే.

ఆయన కోప్పడలేదు. నెమ్మదిగా అన్నాడు: "ఆ రోజు తెల్లారేసరికి ఏం జరిగిందో మన ఊరు చూసింది కదండీ. పడుకున్నోళ్లూ పోయారు, లేచి తిరుగుతున్నోళ్లూ పోయారు. మన రోజులు దేవుడి చేతిలో ఉన్నాయి. నడిస్తే ఆయుష్షు పెరుగుద్దంటారా?"

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజంటే ఏ రోజో నగరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. ఇళ్లు, కొబ్బరిచెట్లు మంటల్లో కాలిపోయాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అంతటి దుఃఖాన్ని చూసిన ఊళ్లో ఒక మనిషి అలా అడిగితే, వాక్యం చెప్పి నోరు మూయించడం తగదు. పైగా నా చేతిలో పళ్లెం అప్పటికే ఖాళీ అయింది. నేనూ అక్కడికి వచ్చింది బండి మీదే.

అయినా ఆ మాట నన్ను వదల్లేదు. మన రోజులు దేవుని చేతిలో ఉన్నాయన్నది సత్యమే. దావీదు కూడా తన కాలగతులను ఆయన వశంలోనే ఉంచాడు (కీర్తన 31:15). అయితే దావీదు ఆ నమ్మకంతో సౌలు ఈటె ముందు కదలకుండా కూర్చోలేదు, తప్పుకున్నాడు. సాతాను ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు పట్టుకుంటారు, దూకమన్నాడు. వాడు చూపిన వాగ్దానమూ లేఖనంలోనిదే. అయినా ప్రభువు దూకలేదు, దేవుణ్ణి శోధించకూడదని బదులిచ్చాడు (మత్తయి 4:5-7). బీపీ మాత్ర మానేసి, కుర్చీలోంచి లేవకుండా, "దేవుడే చూసుకుంటాడు" అనడం విశ్వాసమా, శిఖరం మీదనుంచి దూకడమా? ఆ ప్రశ్న ముందుగా నన్ను నేనే వేసుకున్నాను.

పైపులైను పేలడం ఆ ఇళ్లలో నిద్రిస్తున్నవారి చేతిలో లేదు. కానీ మన పల్లెల్లో ఎక్కువమందిని తీసుకెళ్తున్న చావు మరొకటుంది. దానికి మంట ఉండదు, శబ్దం ఉండదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాది పొడవునా జరిగిన ప్రతి మరణం వెనుక కారణాన్ని ఇంటింటికీ వెళ్లి విచారించారు. ఫలితాలు 2006లో అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చాయి. అంటురోగాలే పల్లెల శత్రువులని నమ్ముతూ వచ్చిన వైద్యులకు అది కనువిప్పు. దాదాపు ప్రతి మూడు మరణాల్లో ఒకటి గుండె, రక్తనాళాల జబ్బు వల్ల సంభవించింది, పక్షవాతం కూడా అందులో భాగమే. పట్నం వాళ్ల జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అని మనం అనుకున్నది అప్పటికే మన కాలువగట్ల మీదికి వచ్చేసింది.

కూర్చోవడం గుండెకు చేటని లోకం గుర్తించి డెబ్బై ఏళ్లు దాటింది. లండన్‌లో రెండంతస్తుల బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ జెర్రీ మోరిస్ అనే వైద్యుడు పోల్చి చూశాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతాడు. గుండెపోట్లు డ్రైవర్లకే ఎక్కువ వచ్చాయి, వచ్చినప్పుడు ప్రాణం తీసిందీ వారిలోనే ఎక్కువ. 1953లో ఆ సంగతి ప్రచురించారు. మన సంఘాల్లో సారా మీద, పొగాకు మీద గట్టిగా ప్రసంగిస్తాం, ప్రసంగించాల్సిందే. కుర్చీ మీద ప్రసంగం మాత్రం నేనెన్నడూ వినలేదు, చేయనూ లేదు.

"పదిహేనేళ్లు కూర్చున్నాక ఇప్పుడు లేచి ఏం లాభం?" అన్నది ఆ పెద్దాయన మాటల వెనుక దాగిన అసలు ప్రశ్న. దానికి నాకు గుర్తొచ్చింది బేతెస్ద కోనేరు. అయిదు మంటపాలు, వాటినిండా రోగులు, వారి మధ్య ముప్పై ఎనిమిదేళ్లుగా జబ్బుతో ఉన్న ఒక మనిషి (యోహాను 5:1-9). ప్రభువు అతణ్ణి స్వస్థపరచక ముందు, బాగుపడాలని నీకుందా అని అడిగాడు. చూడ్డానికి అక్కర్లేని ప్రశ్న. కానీ అతడు ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. తనను నీళ్లలోకి దించేవారు లేరని, తనకంటే ముందు మరొకరు దిగిపోతున్నారని కారణాలు చెప్పాడు. మనం చెప్పేవీ అలాంటివే. వానలు, కుక్కలు, మోకాళ్లు, తీరిక లేదు, తోడు లేరు. ప్రభువు ఆ కారణాలతో వాదించలేదు. లేవమన్నాడు, ఇన్నాళ్లూ తనను మోసిన పరుపును తననే మోయమన్నాడు, నడవమన్నాడు. అది అద్భుతం, ఏ వ్యాయామమూ దానికి సాటి కాదు. కానీ అన్నేళ్ల తర్వాత కూడా ఆ మనిషి పని అయిపోయిందని ప్రభువు అనుకోలేదు.

వైద్యులూ అలా అనుకోవడం లేదు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా ఉంచారు. వాళ్ల శరీరాలు ప్రాణవాయువును వాడుకునే శక్తి దారుణంగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షిస్తే, మూడు దశాబ్దాల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. అప్పుడు యాభై దాటిన వాళ్లను ఆరు నెలలపాటు నడిపించారు, సైకిలు తొక్కించారు, నెమ్మదిగా పరుగెత్తించారు. వయసు తీసుకుపోయిన ఆ శక్తి తిరిగి వచ్చింది. అదే ఊళ్లో జరిగిన మరో పరిశోధన 2018లో వెలువడింది. 45 నుంచి 64 ఏళ్ల మధ్య వయసుండి, కూర్చునే అలవాటున్న వారిని రెండేళ్లు క్రమంగా వ్యాయామం చేయించారు. వారానికి నాలుగైదు రోజులు. బిగుసుకుపోతున్న గుండె కండరం మెత్తబడింది, బిగుతు పాతిక శాతం మేర తగ్గింది. ప్రాణవాయువును వాడుకునే శక్తి 18 శాతం పెరిగింది. డెబ్బై దగ్గర మొదలుపెడితే కండరం అంత సులువుగా మెత్తబడదనీ ఆ వైద్యులే చెప్పారు, దమ్ము మాత్రం ఆ వయసులోనూ పెరుగుతుంది. మా పెద్దాయనకు ఇంకా సమయం ఉందన్నమాట.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. నడక అలవాటైన గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది కాబట్టి తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. నడిచే కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను వాడేస్తాయి. రక్తనాళాలు సడలి బీపీ దిగుతుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక పెద్దలకు కనీస అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వారంలో అయిదు రోజులు, అరగంట చొప్పున. ఏళ్లతరబడి కదలనివారు మొదటిరోజే అరగంట నడవకూడదు. బీపీ, షుగరు, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. తర్వాత పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున పెంచాలి. వేగం ఎంతుండాలో తెలియడానికి మనవాళ్లకు సులువైన కొలత ఒకటుంది. నడుస్తూ కీర్తన హాయిగా పాడగలుగుతుంటే మరీ నెమ్మదిగా ఉన్నట్టు. పక్కవాళ్లతో రెండు మాటలు కూడా ఆడలేకపోతుంటే మితిమీరినట్టు. మాటలాడగలిగి, పాట పాడలేని వేగం సరైనది. పెద్దరోడ్డు మీద లారీల పక్కన కాకుండా కాలువగట్టు మీదో, కొబ్బరితోట దారిలోనో, ఎండ రాకముందే నడిస్తే మేలు.

నడుస్తున్నాం కదా అని మాత్రలు మానేయకూడదు. హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు కలిపాడు. అయినా యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు (2 రాజులు 20:5-7). ప్రార్థన విన్న దేవుడే మందునూ వాడనిచ్చాడు. ఛాతీ మీద బండ పెట్టినట్టుండి, నొప్పి చేతికో దవడకో పాకి, చెమటలు పడితే గ్యాసు అని సోడా తాగి కూర్చోవద్దు. షుగరున్నవారికి, ఆడవారికి నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉండవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. పాస్టరు వచ్చి ప్రార్థన చేసేదాకా ఆగనక్కర్లేదు. ప్రార్థన అంబులెన్సులోనూ చేయవచ్చు.

శరీర సాధన వల్ల ప్రయోజనం కొద్దిపాటిదేనని పౌలు తిమోతికి రాశాడు కదా (1 తిమోతి 4:8) అని కొందరంటారు. ఆ కొద్దిపాటి ప్రయోజనమైనా అక్కర్లేదని ఆయన రాయలేదు. పైగా ఆ మాట రాసిన మనిషి ఊరూరా నడిచిన మనిషి. ప్రభువు తిరిగి లేచిన దినాన ఎమ్మాయుకు వెళ్లిన ఇద్దరి సంగతి చూడండి. మన తెలుగు బైబిలు ఆ ఊరిని యెరూషలేముకు ఆమడ దూరాన పెట్టింది. పదకొండు కిలోమీటర్లు వెళ్లి, ప్రభువును గుర్తుపట్టి, ఆ గడియలోనే లేచి మళ్లీ అంత దూరం వెనక్కి వచ్చారు (లూకా 24:13-35). మన ప్రాంతానికీ సువార్త అలాగే వచ్చింది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ వశిష్ఠ గోదావరి ఒడ్డున నరసాపురం చేరారు. ఒకాయన రాతిపనివాడు, ఒకాయన చెప్పులు కుట్టేవాడు. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కట్టని ఆ రోజుల్లో వారు ఈ డెల్టా పల్లెలకు తిరిగింది కాలినడకన, పడవల మీద.

ఈ మాటలన్నీ ఆ పెద్దాయనతో ఒక్కసారిగా చెప్పలేదు. మర్నాటి ఉదయం ఆయన ఇంటి ముందు బండి ఆపి, తాళం వాళ్లావిడ చేతికిచ్చి, "రండి, మందిరం దాకా నడిచి ప్రార్థన చేసుకొని వద్దాం" అన్నాను. ఆయుష్షు పెరుగుతుందని మాటివ్వలేదు. దారిలో రెండుసార్లు ఆగాం. మొదట ఆగింది నేనే. తిరిగి వస్తుంటే ఆయన కాలిపోయిన ఇళ్లవైపు చూపించి, ఆ రోజు పోయినవాళ్లలో తనకు తెలిసినవాళ్ల గురించి చెప్పాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

మూడు నెలలైంది. పోయిన ఆదివారం ఆయన మందిరానికి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, చొక్కా చెమటకు తడిసి. ఆరాధన అయ్యాక కారణమడిగితే, "చుట్టూ తిరిగి కాలువగట్టు మీంచి వచ్చానండి" అన్నాడు. బండి తాళం ఇంకా ఆవిడ దగ్గరే ఉందట.