ఫారం నింపారు సరే.. తర్వాత?

గూడూరులో బస్సెక్కి విద్యానగర్, కోట దాటి వాకాడు వైపు వెళ్తుంటే ముందు వరి పొలాలు, తీరం దగ్గర పడేకొద్దీ రొయ్యల గుంటలు. ఆ దారిలో ఊళ్ల చివర్న గిరిజన కాలనీలు కనిపిస్తాయి. వేసవి సెలవుల్లో ఇలాంటి కాలనీల్లోకి కాలేజీ పిల్లలు వస్తుంటారు. మెడలో ఐడీ కార్డు, చేతిలో సర్వే ఫారం. 'ఇంట్లో ఎంతమంది? ఏం పని చేస్తారు? మరుగుదొడ్డి ఉందా?' అని అడుగుతారు, రాసుకుంటారు, గ్రూప్ ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు.

మీరు డిగ్రీ చదువుతుంటే ఆ ఫారం మీకూ తెలిసే ఉంటుంది. అదే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థి కనీసం 180 గంటలు జనం మధ్య పనిచేయాలి, రోజూ లాగ్‌బుక్ రాయాలి. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ అయితే రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. నెల్లూరు దగ్గర కాకుటూరులో ఉన్న విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కింది కాలేజీలకైనా, మరో యూనివర్సిటీకైనా పద్ధతి ఇదే. అంటే టైమ్ ఉంది, మనుషులున్నారు. మరి ఆ గంటల్లో కాలనీకి మిగిలేదేంటి?

ఎవరీ యానాదులు?

నెల్లూరు తీరంలో గిరిజనులంటే ముందు గుర్తొచ్చేది యానాదులే. 2001 జనాభా లెక్కల నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 4.62 లక్షల మంది. వాగుల్లో చేపలు పట్టడం, పొలాల్లో ఎలుకలు పట్టడం, మూలికలు సేకరించడం వీళ్లకు తరతరాలుగా వచ్చిన విద్య. ఇప్పుడు చాలామందికి రొయ్యల గుంటల దగ్గర కాపలా, పొలాల్లో కూలి. పని ఎక్కడుంటే కాపురం అక్కడికే.

శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తుంటే మనం మేడెక్కి వీడియో తీస్తాం కదా, ఆ దీవి కూడా ఒకప్పుడు యానాదుల ఊరే. అంతరిక్ష కేంద్రం కోసం చాలా కుటుంబాలు తావు మార్చాల్సి వచ్చింది. అంతకు ముందు బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం కింద కొందరు యానాదులకు పుట్టుకతోనే దొంగలనే ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో గానీ పోలేదు. నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసమే ఏళ్ల తరబడి తిరిగారు. 1962లో వాళ్ల మీద పుస్తకం రాశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. ఆయన కూడా వివరాలు రాసుకున్నారు. కానీ రాసుకుని ఊరుకోలేదు, తేడా అక్కడే ఉంది.

ఒక్క కాగితం విలువ

గుంట గట్టు మీద గుడిసెలో బిడ్డ పుట్టిందనుకోండి. 21 రోజుల్లో పుట్టుక నమోదు కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరాలన్నా, ఆధార్ కావాలన్నా జనన ధ్రువపత్రమే కీలకం. అది లేకపోతే ఆధార్ కష్టం. ఆధార్ లేకపోతే రేషన్ కార్డులో పేరు కష్టం. కులధ్రువపత్రం లేకపోతే పెద్దయ్యాక స్కాలర్‌షిప్, ఎస్టీ రిజర్వేషన్ రెండూ దూరమే. చదువురాని అమ్మ కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగగలదు?

ఇదిగో, మీ 180 గంటలకు పని ఇక్కడుంది. ఇరవై ఇళ్ల సర్వే కన్నా ఒక్క ఇంటి కాగితం పూర్తి చేయడం మేలు. ఎవరికి ఏ పత్రం లేదో జాబితా రాయండి. వాళ్లతో కలిసి సచివాలయానికి వెళ్లండి. దరఖాస్తు నంబర్ కాగితం మీద రాసి వాళ్ల చేతికే ఇవ్వండి. తిరస్కరిస్తే ఎందుకో అడిగి తెలుసుకుని, మళ్లీ వెళ్లండి. ఐదేళ్లకు, పదిహేనేళ్లకు పిల్లల వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలని చెప్పండి. ఒక జాగ్రత్త: వాళ్ల ఆధార్ ఫొటోలు మీ ఫోన్‌లో ఉంచుకోకండి. పిల్లల ఫొటోలు అడక్కుండా స్టేటస్ పెట్టకండి.

అక్కడా ఇదే కథ

యూనివర్సిటీ ఊళ్లోకి రావాలన్న ఆలోచన మనదొక్కటే కాదు. అమెరికాలో 1914 చట్టంతో యూనివర్సిటీల విస్తరణ సేవలు పల్లెలకు చేరాయి. అక్కడి ఆదివాసీల సొంత కాలేజీలకు మాత్రం అలాంటి ప్రభుత్వ హోదా 1994లో గానీ రాలేదు. చివర్న ఉన్నవాళ్ల దాకా రావడానికి అక్కడ కూడా 80 ఏళ్లు పట్టింది.

మన దగ్గర చిక్కు ఇంకోటి. సెలవులు అయిపోగానే బ్యాచ్ మారిపోతుంది. కొత్త బ్యాచ్ మళ్లీ మొదటి ప్రశ్న నుంచి మొదలుపెడుతుంది. కాలనీ వాళ్లకు విసుగొస్తే తప్పేముంది? అందుకే కాలేజీ ఒకే కాలనీని వరసగా కొన్నేళ్లు ఎంచుకుంటే బాగుంటుంది. వెళ్లిపోయే బ్యాచ్, పెండింగ్‌లో ఉన్న దరఖాస్తుల జాబితాను ఆ కుటుంబాల అనుమతితో, లెక్చరర్ సమక్షంలో జూనియర్లకు అప్పగించాలి.

ఈ వేసవిలో మీ వంతు వస్తే లాగ్‌బుక్ చివరి పేజీలో 'కార్యక్రమం విజయవంతంగా ముగిసింది' అని రాసే ముందు ఆగండి. ఎన్ని ఇళ్లు తిరిగామన్నది కాదు, ఎన్ని కాగితాలు ఇంటికి చేరాయో లెక్క రాయండి. చేరనివి ఉంటే అవి కూడా రాయండి. వచ్చే ఏడాది వాళ్లకు పని మొదలయ్యేది ఆ పేజీ నుంచే.