నేల లేచిన నాడు

సముద్రయానానికి తండ్రి మొదట సమ్మతింపలేదు. మేనమామ నచ్చజెప్పిన మీదటనే 22 ఏళ్ళ చార్లెస్ డార్విన్ 1831 డిసెంబరులో ‘బీగిల్’ ఓడలో బయలుదేరగలిగాడు. (ఆ మేనమామే తరువాత పిల్లనిచ్చాడు!)

1835 ఫిబ్రవరి 20న, చిలీలోని వాల్డీవియా వద్ద అడవిలో విశ్రమిస్తూండగా భూమి కంపించింది. రెండు నిమిషాలు, తల తిరిగినట్లయింది, అంతే. మార్చి 4న ఓడ కాన్సెప్సియోన్ తీరం చేరినప్పుడు గాని జరిగిన ఘోరం తెలియలేదు. ఒడ్డు పొడవునా దూలాలు, కుర్చీలు, పుస్తకాల అరలు, ఇళ్ళ కప్పులు! నగరంలో నిలిచిన ఇల్లు లేదు. రేవుపట్టణమైన తల్కహువానో శిథిలాలను సైతం ఉప్పెన ఊడ్చుకుపోయింది. అయినా ప్రాణనష్టం స్వల్పమే. కంపం పగటివేళ వచ్చింది. తొలి అదురుకే వీధిలోకి పరుగెత్తడం అక్కడివారికి అలవాటు.

ఇదే ఇంగ్లండులో సంభవిస్తే? ఆ యువకుని ఆలోచన స్వదేశానికి మళ్ళింది. భవనాలు కూలడంతో సరిపోదు. దస్తావేజులు, లెక్కలు నశిస్తాయి, పన్నులు వసూలు కావు, వెనువెంటనే కరువు.

శాంటా మారియా దీవిలో మరొక వింత కనిపించింది. నీటిమట్టానికి 10 అడుగుల ఎత్తున, రాళ్ళను అంటిపెట్టుకొనే ఆల్చిప్పలు కుళ్ళుతున్నాయి. సముద్రం తగ్గలేదు, నేలే లేచింది. ఆ నెలలోనే ఆండీస్ దాటుతూ, 13,000 అడుగులపైన శిలలో సముద్రపు గవ్వలను అతడు చూశాడు.