చీమల లోయ, గోదావరి తిన్నెలు

భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున పర్ణశాల ఉంది. సీతారాములు వనవాసకాలంలో ఇక్కడ నివసించారని హైందవ సోదరుల విశ్వాసం. చుట్టూ కోయ పల్లెలు. ఇప్ప, తునికి చెట్ల అడవి. వేసవిలో నది తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి. తీతువు పిట్ట గుడ్లు పెట్టేది ఆ రోజుల్లోనే. గూడు కట్టదు, గులకరాళ్ల నడుమ వట్టి నేలపైనే పెడుతుంది. గుడ్డేదో, రాయేదో దగ్గరికి వెళ్లినా ఒకపట్టాన తెలియదు.

ఈ నదిమీదనే దుమ్ముగూడెం వద్ద సీతమ్మసాగర్ ఆనకట్ట నిర్మాణం చేపట్టారు. పర్యావరణ అనుమతి వచ్చేవరకు పనులు నిలిపివేయాలని 2023లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం ఆదేశించింది. సాగునీరు, విద్యుత్తు అక్కరలేదని మేము అనము. అయితే 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం ఇటువంటి భారీ పథకాలకు అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ, అనుమతి అన్నీ పని మొదలుకాక మునుపే పూర్తికావాలి. తవ్విపోసిన నేలను తరువాత ఎంత పరిశీలించినా, అక్కడ ఏ ప్రాణి ఉండేదో తెలియదు.

దివ్య ఖుర్ఆన్‌లోని ‘నమ్ల్’ సూరాలో హజ్రత్ సులైమాన్ (అ) సైన్యం చీమల లోయకు చేరిన వృత్తాంతం మనకు తెలిసినదే. సైనికులు తెలియక తొక్కివేస్తారేమోనని ఒక చీమ తోటి చీమలను హెచ్చరించింది. ఆయన ఆ మాట విని చిరునవ్వు నవ్వారు. ప్రభువుకు కృతజ్ఞతలు తెలిపారు. ‘తెలియక’ అన్నదే మమ్మల్ని పట్టి నిలిపింది. ఆ చీమ ఎవరికీ దురుద్దేశం అంటగట్టలేదు. దైవప్రవక్త (స) సహచరులు ఒక ప్రయాణంలో పిట్ట పిల్లలను పట్టి తెచ్చారు. తల్లిపిట్ట తల్లడిల్లడం చూసి, వాటిని తిరిగి ఇచ్చివేయుమని ఆయన ఆజ్ఞాపించారని అబూదావూద్ హదీసు సంకలనం చెబుతోంది. మదీనా పరిధిలో వేటను, చెట్లు నరకడాన్ని ఆయన నిషేధించారు కూడా.

అధ్యయన బృందం వర్షాకాలంలో వస్తే ఆ తిన్నెలే కనబడవు. ఏ నెలలో ఏ పిట్ట ఎక్కడ పొదుగుతుందో తునికాకు కోసే కోయ స్త్రీలనూ, వల వేసే జాలరులనూ అడగాలి. వారిని సాక్షులుగా కాక, ఎరిగినవారుగా కూర్చోబెట్టాలి.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. మీ ప్రాంతంలో అటువంటి సభ జరిగితే, పాఠకులారా, ఆ సారాంశం తెప్పించుకోండి. జంతువులను, పక్షులను ఏయే నెలల్లో లెక్కించారో మొదట చూడండి. అందులో వేసవి లేకుంటే, ఎందుకు లేదో సభలో లేచి అడగండి.