చెత్త ఎత్తే కొక్కెం

సికింద్రాబాదు పిల్లలకు బేగంపేట విమానాశ్రయం తెలియనిది కాదు. ఆ దగ్గరలోనే రొనాల్డ్ రాస్ పేరు పెట్టిన ఒక పాత భవనం ఉంది. రాస్ 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ పొట్టను కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టినవి. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టిందట!

హుసేన్ ఖాన్ రక్తంలో నెలవంక ఆకారపు కణాలుండేవి. అవి ఫాల్సిపేరం జాతికి గుర్తు. మలేరియాలో ఎక్కువగా ప్రాణం తీసేది ఈ జాతే.

ఈ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో దూరి పెరుగుతుంది. పాడైన ఎర్రకణాలను ప్లీహం వడగట్టి నాశనం చేస్తుంది కదా, మరి ఇది ఎలా తప్పించుకుంటుంది? తానున్న కణాన్ని రక్తనాళపు గోడకు అంటుకునేలా చేస్తుంది. ఇక ఆ కణం ప్లీహం దాకా పోనే పోదు. గోడమీద అది పట్టుకునే కొక్కేలలో సి.డి.36 ఒకటని 1989లో తేలింది.

చిత్రమేమంటే ఆ కొక్కెం మన సొంత సరుకు! మాక్రోఫేజులనే భక్షక కణాల మీద కూడా అది ఉంటుంది. చచ్చిన కణాలను, చెడిన కొవ్వు రేణువులను పట్టి లోపలికి లాగుతుంది. మలేరియా సోకిన ఎర్రకణాలను మింగడానికీ తోడ్పడుతుంది. ఇటువంటి వాటిని స్కావెంజర్ గ్రాహకాలంటారు. స్కావెంజర్ అంటే చెత్త ఎత్తేవాడు. మొదటిదాన్ని 1979లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు వర్ణించారు.

ఈ పాఠం చెబుతుంటే తరగతిలో ఒక అమ్మాయి లేచి, "ఐతే ఆ కొక్కేన్ని మూసేసే మందిస్తే సరిపోదా సార్?" అంది. మంచి ప్రశ్నే. కాని చెత్త ఎవరు ఎత్తుతారు? చచ్చిన కణాలు పేరుకుంటే పగిలి, వాటిలోని డి.ఎన్.ఏ. బయటపడుతుంది. శరీరం దాన్ని శత్రువనుకొని ప్రతిరక్షకాలు తయారుచేయవచ్చు. లూపస్ వ్యాధిలో ఇటువంటి ప్రతిరక్షకాలే చర్మాన్ని, కీళ్ళను, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎక్కువగా యువతులకు వచ్చే జబ్బు ఇది. స్కార్ఫ్-1 అనే మరో స్కావెంజర్ గ్రాహకం లేని ఎలుకలకు లూపస్ వంటి వ్యాధే వచ్చిందని 2013లో ప్రకటించారు.

కాబట్టి కొక్కేన్ని వదిలి, దాన్ని పట్టుకునే పరాన్నజీవి చేతిని కొట్టాలి. ఆ చెయ్యి ఒక ప్రోటీను. దానికి దాదాపు 60 జన్యువులున్నాయి. మన రక్షక కణాలు ఒక రూపాన్ని గుర్తుపట్టేలోగా, గడుసు పరాన్నజీవి వేరొకటి తొడుక్కుంటుంది.